నవ్వితే తెల్లారిన లోయ

కుమమోతో నుంచి బయల్దేరిన బస్సు అసో అగ్నిపర్వతపు దక్షిణ కొండలు దాటి దిగుడులో పడగానే చెవులు దిబ్బడేస్తాయి. నవంబరు నెలాఖరు. కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే ఎముక దాకా చలి. బయట ఎటు చూసినా సుగి చెట్లు, అంటే జపాను దేవదారులు. నిటారుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, నేల మీద వెలుగు పడనివ్వనంత దట్టంగా ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడ ఒక మేపుల్ చెట్టు ఎర్రబారి కనిపించి మలుపులో మాయమవుతుంది. మన వెనక సీట్లో ఇద్దరు ముసలమ్మలు ఒళ్ళో ముల్లంగి కట్టలు పెట్టుకుని, రేపు రాత్రి ఎవరింటి వాళ్ళు ఏం వండి తేవాలో మాట్లాడుకుంటున్నారు. ఆ రాత్రి కోసమే మనమూ వెళ్తున్నాం.

క్యూషు ద్వీపంలో మియాజాకి జిల్లాకు వాయవ్యపు కొనన, కొండల నడుమ ఇరుక్కున్న ఊరు తకాచిహో. రైలు లేదు. ఒకప్పుడు నొబెఒకా నుంచి ఉండేది. 2005 సెప్టెంబరులో వచ్చిన తుఫానుకు గొకాసే నది మీది వంతెనలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఆ మార్గాన్ని మళ్ళీ తెరవలేదు. ఇవాతో నది మీద 105 మీటర్ల ఎత్తున ఉన్న ఇనుప వంతెన మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. ఇప్పుడు ఊరివాళ్ళే ఆ వంతెన దాకా పైకప్పు లేని చిన్న బండి నడుపుతున్నారు. దాని పేరు అమతెరాసు రైల్వే. సూర్యదేవత పేరు. నూడుల్స్ దుకాణాల్లో మిగిలిపోయిన పంది కొవ్వు, వేపుళ్ళకు వాడేసిన నూనె శుద్ధి చేసి దాని ఇంజనులో పోస్తారు. పోయిన రైలు కోసం ఏడుస్తూ కూర్చునే ఊరు కాదిదని ఆ బండి చూస్తేనే తెలుస్తుంది.

బస్సు దిగి నడుస్తుంటే ఇళ్ళ గుమ్మాలు చూడండి. ప్రతి గుమ్మానికీ గడ్డితో పేనిన తాడు, షిమెనావా. దానికి మూడు చోట్ల గడ్డి పోచలు కిందికి వేలాడుతున్నాయి. ఒక చోట ఏడు, ఒక చోట అయిదు, ఒక చోట మూడు. జపానులో మిగతా చోట్ల ఈ తాడు కొత్త సంవత్సరానికి కట్టి, పండగ రోజులు దాటగానే తీసేస్తారు. ఇక్కడ ఏడాది పొడుగునా ఉంటుంది. మంగలి దుకాణానికి ఉంది. పెట్రోలు బంకుకు ఉంది. దేవుళ్ళు ఈ ఊరి నుంచి వెళ్ళిపోలేదు కాబట్టి తాడు తీసే పని లేదని ఊరివాళ్ళ లెక్క.

లోయలోకి దిగే మెట్లు తడిగా ఉన్నాయి. కమ్మీ పట్టుకుని మెల్లగా దిగండి. రెండు పక్కలా రాతి గోడలు లేస్తాయి. కొన్ని చోట్ల వంద మీటర్ల ఎత్తు. లక్షా ఇరవై వేల ఏళ్ళ కిందటా, తొంభై వేల ఏళ్ళ కిందటా అసో బద్దలైనప్పుడు వచ్చిన మంటల ఉప్పెన ఈ లోయను నింపేసింది. అది చల్లారుతూ నిలువునా పగిలి స్తంభాలు స్తంభాలుగా గట్టిపడింది. దాన్ని గొకాసే నది కోసుకుంటూ ఇంత లోతుకు దిగింది. పదిహేడు మీటర్ల మనాయి జలపాతం ఆ స్తంభాల మీంచి పచ్చటి నీళ్ళలోకి పడుతోంది. కింద పడవల్లో జంటలు తుంపర్లలో తడిసి కేరింతలు కొడుతున్నారు. తకాచిహో గురించి అచ్చయిన ప్రతి బొమ్మలోనూ ఉండేది ఈ చోటే. చాలామంది బస్సు దిగి దీన్ని చూసి, ఫొటో తీసుకుని, అదే బస్సులో వెనక్కి పోతారు. అందమైన చోటే, కాదనను. కానీ తకాచిహో ఇది కాదు.

పైన తకాచిహో ఆలయం చుట్టూ ఉన్న దేవదారుల్లో ఒకటి ఎనిమిది వందల ఏళ్ళదంటారు. దాని మొదట్లో నిలబడి తల ఎంత వెనక్కి వంచినా కొస అందదు. పక్కనే రెండు చెట్లు మొదట్లో కలిసిపోయి పెరిగాయి. వాటి చుట్టూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మూడు ప్రదక్షిణాలు చేస్తే దాంపత్యం గట్టిపడుతుందట. ఒక కొత్త జంట సిగ్గుపడుతూ తిరుగుతోంది. ఆలయం గోడ మీద చెక్కిన బొమ్మలో ఒక వీరుడు రాక్షసుణ్ణి కాళ్ళ కింద తొక్కుతున్నాడు. వీరుడు మికెను, పురాణం చెప్పే జపాను మొదటి చక్రవర్తి జిమ్ముకు అన్న. కింద ఉన్నవాడు కిహాచి.

కిహాచి కథ నాకు మిగతా కథలన్నిటికంటే ఇష్టం. చంపినా మళ్ళీ లేచాడట. ముక్కలు చేసి వేర్వేరు చోట్ల పాతిపెట్టారట. అప్పట్నుంచీ అతని కోపం అకాలపు మంచై పొలాల మీద పడి పైరును మాడ్చేసేది. ఊరివాళ్ళు అతన్ని మళ్ళీ చంపే ప్రయత్నం చేయలేదు. బుజ్జగించారు. ఇప్పటికీ చాంద్రమానపు పన్నెండో నెల మూడో రోజున ఈ ఆలయంలో ఒక అడవిపందిని నైవేద్యంగా పెట్టి, వెదురు రెమ్మలు ఊపుతూ ఆడతారు. ఓడిపోయినవాడికి ఏటేటా ఒక పూట అన్నం పెట్టడం ఈ ఊరు మానలేదు.

తెల్లారి, సూర్యదేవత దాక్కున్న గుహ ఉందనే ఇవాతో వైపు పోయే దారిలో ఒక్క చోట ఆగుదాం. కొండ వాలంతా మెట్లు మెట్లుగా వరి మళ్ళు. కోత అయిపోయింది. మోళ్ళ మీద మంచు మెరుస్తోంది. గడ్డిని కుప్పలు వేసి ఆరబెట్టారు. వంగి చూస్తే మడి అంచునే మూరెడు వెడల్పు కాలవ. నీళ్ళు గలగలా పోతున్నాయి. ఇంత ఎత్తున నీళ్ళెక్కడివి? ఎక్కడో పై లోయలో ఏరుకు అడ్డం కట్టి, కొండ నడుమ చుట్టూ తవ్వుకుంటూ, కొన్ని చోట్ల రాతిని తొలిచి సొరంగం చేసి తీసుకొచ్చినవి. తకాచిహో, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళూ కలిపి ఇలాంటి కొండ కాలవలు 500 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. 2015లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ ప్రాంతాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కాలవలో ఆకులు తీసేందుకు ఒక పెద్దాయన గొర్రు పట్టుకుని ఒక్కడే నడిచి పోతున్నాడు. ఆయనకు మనం తల వంచుతాం. ఆయనా టోపీ తీసి తల వంచుతాడు. ఇలా రోజూ నడిచేవాళ్ళు లేకపోతే ఒక్క వానాకాలంలో ఈ కాలవ పూడిపోతుంది.

ఈ కాలవను కళ్ళారా చూశాకే ఆ గుహ కథ వినాలి. ఎందుకంటే సూర్యదేవత గుహలో దాక్కోవడానికి మొదటి కారణం ఇదే.

712లో రాసిన కొజికి అనే పురాణ గ్రంథం చెప్పే కథ. సూర్యదేవత అమతెరాసుకు సుసానో అనే తమ్ముడు. తుఫానులాంటి మనిషి. అక్క దగ్గరికి వచ్చి, ఆమెతో వేసిన పందెంలో తానే గెలిచానని పొగరెక్కి ఆమె వరి మళ్ళ గట్లు తెగ్గొట్టాడు. కాలవలు పూడ్చేశాడు. కొత్త పంట నైవేద్యం పెట్టే శాలను అశుభ్రం చేశాడు. అక్క వెనకేసుకొచ్చింది. గట్లు తెంచాడంటే నేల వృథా కాకూడదనుకున్నాడేమోలే అంది. చివరికి అతను ఒక గుర్రం తోలు ఒలిచి, దేవతల బట్టలు నేసే శాల పైకప్పుకు కన్నం పెట్టి లోపలికి విసిరాడు. మగ్గం ముందు కూర్చున్న అమ్మాయి బెదిరి ప్రాణం విడిచింది. అప్పుడు అమతెరాసు రాతి గుహలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. లోకమంతా చీకటి.

గట్టు తెంచడం, కాలవ పూడ్చడం. లోకాన్ని చీకటి చేసిన నేరాల జాబితా అలా మొదలవుతుంది. పురాణం రాసినవాళ్ళకు పొలం పని తెలుసు. నీళ్ళు ఆపడం ఎంత పాపమో తెలుసు. ఇందాకటి పెద్దాయన గొర్రు పట్టుకుని చేస్తున్న పనికి ఆ కథలో ఎంత విలువుందో ఎవరూ ఆయనకు చెప్పక్కర్లేదు.

అమనో ఇవాతో ఆలయం ముంగిట కోడి బొమ్మలు కనిపిస్తాయి. దేవతలు వెలుగు కోసం మొదట కోళ్ళ చేత కూయించారు మరి. ఇక్కడ గర్భగుడి లాంటిదేమీ లేదు. మొక్కే మంటపం ఉంది, దాని వెనక కొండ లోయ, ఆ అవతలి గట్టున చెట్ల మాటున గుహ. ఆ గుహే దైవం. అక్కడికి ఎవరూ పోకూడదు. ఫొటో తీయకూడదు. పూజారి గారు మనల్ని వరసగా నిలబెట్టి, తలల మీద కాగితపు కుచ్చుల కర్ర ఆడించి శుద్ధి చేసి, మంటపం వెనక చిన్న వాకిలి తీస్తారు. "అదుగో, ఆ చెట్టుకు ఎడమ పక్క, కొంచెం కింద" అని వేలు చూపిస్తారు. నిజం చెప్పాలంటే కనిపించేది ఆకులూ కొమ్మలూ, వాటి వెనక ఒక నల్లటి గీత. అందరూ కళ్ళు చికిలించి చూస్తారు. పక్కనున్న చిన్నపిల్ల "కనిపించట్లేదు" అని గట్టిగా అనేస్తుంది. పూజారి గారు నవ్వి, "కనిపించకుండా ఉండాలనే కదమ్మా ఆవిడ లోపలికి వెళ్ళింది" అంటారు.

అక్కణ్ణించి ఏటి వెంబడి పది నిమిషాల నడక. ఒక చిన్న వంపు వంతెన దాటాక నీళ్ళ చప్పుడు దగ్గరవుతుంది. ఒడ్డు నిండా గులకరాళ్ళ గోపురాలు. అయిదు రాళ్ళవి, పది రాళ్ళవి, దారి పక్కనా, వేళ్ళ సందుల్లో, నీటి అంచున. మొక్కుకుని జనం ఒకటొకటిగా పేర్చినవి. ముందుకు పోయేకొద్దీ అడుగు పెట్టడానికి చోటు దొరకదు. ఎదురుగా నలభై మీటర్ల వెడల్పున పెద్ద రాతి గుహ నోరు తెరుచుకుని ఉంది. లోపల చిన్న మందిరం, దాని ముందు చెక్క తోరణం. అమనో యసుకవారా. సూర్యుడు లేని చీకట్లో ఎనభై లక్షల దేవతలు సభ తీర్చింది ఇక్కడేనంటారు.

ఆ సభలో ఆలోచన చెప్పినవాడు ఒమొయికానే. కోళ్ళు కూశాయి. అద్దం చేశారు, పూసల దండలు గుచ్చారు, పచ్చటి చెట్టును వేళ్ళతో పెకలించి తెచ్చి వాటితో అలంకరించారు. మంత్రం చదివారు. తలుపు తెరుచుకోలేదు. అప్పుడు ఉజుమే అనే దేవత ఒక తొట్టిని బోర్లించి దాని మీద ఎక్కింది. కాళ్ళతో దడదడలాడిస్తూ పూనకం వచ్చినట్టు ఆడింది. బట్ట జారిపోయినా లెక్క చేయలేదు. ఎనభై లక్షల మందీ ఒక్కసారి పకపకా నవ్వారు. ఆకాశం అదిరిపోయేలా నవ్వారు. లోపలున్న ఆవిడకు అనుమానం వచ్చింది. నేను లేకుండా వీళ్ళకు నవ్వెలా వస్తోంది? తలుపు సందు చేసి అడిగింది. నీకంటే గొప్ప దేవత వచ్చింది, అందుకే సంబరం అన్నారు. అద్దం ముందుకు జరిపారు. అందులో వెలుగుతున్న మొహం చూసి ఆవిడ ఇంకొంచెం బయటికి వంగింది. తలుపు పక్కన పొంచి ఉన్న బలశాలి తజికరావో చెయ్యి పట్టి లాగేశాడు. ఇంకొకరు ఆవిడ వెనక గడ్డి తాడు అడ్డం కట్టేశారు, ఇక లోపలికి వెళ్ళొద్దని. పెట్రోలు బంకు గుమ్మానికి చూసిన తాడు మూలం అదే.

లోకంలో ఎన్నో పురాణాలు వెలుగును యుద్ధం చేసి తెచ్చుకున్నాయి, తపస్సు చేసి తెచ్చుకున్నాయి. ఇక్కడ అలిగిన ఆడకూతురు బయటికి రావడానికి బయటివాళ్ళు నవ్వారు. వాళ్ళ సంబరంలో తనూ ఉండాలనిపించేలా చేశారు. ఈ కథలో నన్ను కట్టిపడేసేది ఇదే. ఇంత తెలివైన ఉపాయం, మనసు నొప్పించని ఉపాయం నేను వేరే ఏ కథలోనూ చూడలేదు.

ఆ గుహ ఇదే అనేవాళ్ళు జపానులో ఇంకా చాలా చోట్ల ఉన్నారు. సూర్యదేవత మనవడు నినిగి వరి గింజలు పట్టుకుని దిగిన కొండ విషయంలోనూ అంతే. దక్షిణాన కిరిషిమా కొండల్లో 1,574 మీటర్ల తకాచిహో శిఖరం తనదే ఆ ఘనత అంటుంది. ఈ తగువు తీర్చే పని మనకు లేదు. అంతకంటే పెద్ద తగువు ఒకటి జరిగింది. ఈ కథల్ని 1945 వరకూ బడుల్లో చరిత్రగా చెప్పారు, సైన్యాలను పక్క దేశాల మీదికి పంపడానికి వాడుకున్నారు. మియాజాకి నగరంలో 1940లో కట్టిన రాతి గోపురం ఇంకా ఉంది. ఎనిమిది దిక్కులూ ఒకే కప్పు కింద అన్న అప్పటి రాజ్య నినాదం దాని మీద చెక్కారు. యుద్ధం ఓడాక ఆ అక్షరాలు తీసేశారు, 1965లో మళ్ళీ పెట్టారు. గులకరాళ్ళ మధ్య నిలబడి ఆ గోపురాన్ని తలుచుకోవడం కష్టంగానే ఉంటుంది. అయినా తలుచుకోవాలి.

ఇవాతో దాటి ఇంకా పైకి పోతే దారి సన్నబడుతుంది. ఈ దారిన యాత్రికులు రారు. రోడ్డు చివర తొరొకు అనే పల్లె. పది ఇళ్ళకు ఒక ఇల్లు మూసి ఉందా, రెండా అనిపించే నిశ్శబ్దం. ఇక్కడ 1920లో ఆర్సెనిక్ ఉత్పత్తి మొదలైంది. గనిలో తీసిన ముడిరాయిని ఇళ్ళ పక్కనే కట్టిన రాతి బట్టీల్లో కాల్చేవారు. బట్టీ గోడలకు పట్టిన తెల్లటి పొడిని గీకి తీసేవారు. పొగ లోయలోంచి బయటికి పోయేది కాదు. తేనెటీగలు పోయాయి. దుంగల మీద పుట్టగొడుగులు మొలవడం మానేశాయి. పశువులు చచ్చాయి. మనుషుల చర్మం మొద్దుబారింది, మచ్చలు లేచాయి, ఊపిరి ఆడలేదు, క్యాన్సర్లు వచ్చాయి. మధ్యలో ఆగుతూ సాగుతూ 1962 దాకా ఆ పని నడిచింది. ఇంత జరిగినా బయటి లోకానికి తెలిసింది 1971లో. ఇవాతో ప్రాథమిక పాఠశాలలో పనిచేసే ఒక పంతులు గారు, తోటి ఉపాధ్యాయులతో కలిసి ఇంటింటికీ తిరిగి ఎవరెప్పుడు ఎలా పోయారో రాసి బయటపెట్టారు. 1973లో ప్రభుత్వం దీన్ని కాలుష్య వ్యాధిగా గుర్తించింది. బాధితులు వేసిన కోర్టు కేసులు 1990లో సుప్రీంకోర్టులో రాజీతో ముగిశాయి.

పురాణంలో చీకటి అందరికీ ఒకేసారి పడింది, కాబట్టి అందరూ ఏటి ఒడ్డున చేరారు. తొరొకులో చీకటి ఒక్క పల్లెకే పడింది. గుహకు ఎంతో దూరం లేని చోట, యాభై ఏళ్ళు. ఎవరూ సభ చేయలేదు. గనిలో కూలి దొరికింది కాబట్టి పల్లెలోనే కొందరు నోరు మెదపలేదు. తకాచిహోకి వచ్చి దేవతల కథ ఒక్కటే విని వెళ్ళేవాళ్ళకు ఈ లోయ సగమే తెలుస్తుంది. ఈ పోరాటంలో బాధితుల పక్కన నిలిచినవాళ్ళు తర్వాత 1994లో మియాజాకిలో ఆసియా ఆర్సెనిక్ నెట్‌వర్క్ అనే సంస్థ పెట్టి, బంగ్లాదేశ్ పల్లెల్లో బోరు నీళ్ళలోని ఆర్సెనిక్ మీద పనిచేశారు. తమ దగ్గరికి ఎవరూ రాని చోటు నుంచి వేరేవాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళారు.

పొద్దు కొండ వెనక్కి పోయింది. ఇప్పుడు, మనం ఏ రాత్రి కోసం వచ్చామో అది జరిగే పల్లెకు పోదాం.

ఊరి చిన్న గుడి నుంచి ఊరేగింపు వస్తోంది. ముందు ఎర్రటి మొహం, పొడుగు ముక్కు ముసుగు పెట్టుకున్న సరుతాహికో, దేవతలకు దారి చూపేవాడు. వెనక డప్పు, పిల్లంగోవి, తెల్లబట్టల మగవాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు. కగురా అంటే దేవతల కోసం ఆడే ఆట. ఈ రాత్రికి దేవతలు బస చేసే ఇంటిని కగురా విడిది అంటారు. పూర్వం ప్రతి ఏడూ ఎవరో ఒకరి ఇల్లే. ఇళ్ళు చిన్నవయ్యాయి, మనుషులు తగ్గారు. చాలా పల్లెల్లో ఇప్పుడు ఊరి ఉమ్మడి భవనంలో చేస్తున్నారు. గుమ్మంలో చెప్పులు విప్పి, తెచ్చిన బియ్యపు మద్యం, సాకే సీసా అందించండి. లోపల్నుంచి ఒక అవ్వ, "అయ్యో, చలిలో నిలబడ్డారేం, రండి రండి" అని చెయ్యి పట్టి లాగుతుంది. నిన్న బస్సులో ముల్లంగి కట్టతో ఉన్న అవ్వే.

గదుల మధ్య జారుడు తలుపులు తీసేశారు. నడుమ చదరంగా కొంత చోటు వదిలి నాలుగు మూలలా పచ్చటి కొమ్మలు కట్టారు. చుట్టూ గడ్డి తాడు. తాడుకు తెల్ల కాగితాన్ని కత్తితో తొలిచి చేసిన బొమ్మలు వేలాడుతూ, పొయ్యి వేడికి కదులుతున్నాయి. పైన కాగితాలతో అలంకరించిన చట్రం ఒకటి వేలాడుతోంది. దాన్ని మేఘం అంటారు. ఈ చతురస్రంలోకి ఆడేవాళ్ళు తప్ప ఎవరూ కాలు పెట్టకూడదు. మనం దాని అంచునే, మోకాళ్ళ మీద, ఊరివాళ్ళ భుజాలకు భుజాలు తగిలేలా కూర్చుంటాం.

సాయంత్రం మొదలై మర్నాటి పొద్దెక్కే దాకా ముప్ఫై మూడు ఆటలు. దీన్నే యొకగురా అంటారు, రాత్రి కగురా. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా, సుమారు ఇరవై పల్లెల్లో ఒక్కో పల్లెకు ఒక్కో రాత్రి. ఆడేవాళ్ళను హోషాదోన్ అంటారు. వీళ్ళు వృత్తి కళాకారులు కారు. ఇప్పుడు కుడిచేత గంటలూ ఎడమచేత కాగితపు కుచ్చుల కర్రా పట్టుకుని తిరుగుతున్నాయనకు ఆవులున్నాయి. డప్పు కొడుతున్న ఆయన పురపాలక కార్యాలయంలో గుమాస్తా. ముసుగులు వేసుకోక ముందు వాటికి దణ్ణం పెడతారు. ఈ కళను 1978లో ప్రభుత్వం జాతీయ స్థాయి జానపద సంపదగా గుర్తించింది. దానికి ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచీ వీళ్ళ తాతల తాతలు ఆడుతూనే ఉన్నారు. తకాచిహో ఆలయంలో ప్రతి రాత్రీ ఎనిమిదింటికి యాత్రికుల కోసం నాలుగు ఆటలు గంటలో చూపిస్తారు. వెళ్ళండి, బావుంటుంది. కానీ అది నమూనా.

మొదటి ఆటలు నెమ్మదిగా ఉంటాయి. నేలను స్థిరపరిచేవి, దేవతలను దించేవి. అవే అడుగులు, అదే డప్పు, నాలుగు దిక్కులకూ మళ్ళీ మళ్ళీ. కళ్ళు మూతలు పడతాయి. పడనివ్వండి. పక్కన ఒక తాత గోడకు చేరబడి గురక పెడుతున్నాడు, ఎవరూ ఏమీ అనరు. పదింటికి వంటింట్లోంచి పళ్ళేలు వస్తాయి. ముల్లంగి, చామదుంప, పుట్టగొడుగులు సోయా రసంలో ఉడికించినవి. పచ్చి వెదురు బొంగులో సాకే పోసి నిప్పుల పక్కన నిలబెట్టి కాచారు. వెదురు వాసన సాకేలోకి దిగింది. పెరట్లో నెగడు. దాని చుట్టూ కుర్రాళ్ళు. ఆకాశంలో ఇన్ని చుక్కలున్నాయని మరిచిపోయి చాలా కాలమైంది.

అర్ధరాత్రి దాటాక చలి చాపల కిందనుంచి పాకుతుంది. కత్తులు పట్టుకుని ఆడే ఆట వస్తుంది. నలుగురు ఒకరి కత్తి మొన ఒకరు పట్టుకుని, చెయ్యి వదలకుండా, ఆ కత్తుల కిందనుంచి దూరుతూ తిరుగుతున్నారు. నిద్రపోయినవాళ్ళు లేచి కూర్చుంటారు. ఆ తర్వాత వచ్చే ఆటకోసమే అందరూ మేలుకున్నారు. ఇజనగి, ఇజనమి దంపతులు, లోకాన్ని కన్న తల్లీ తండ్రీ, సాకే కాచి వడకడతారు. వడకట్టి రుచి చూస్తారు. రుచి చూసి తూలుతారు. తూలుతూ ఒకరిమీద ఒకరు పడతారు, కౌగిలించుకుంటారు. చూసేవాళ్ళు ఈలలు వేస్తారు, ఆటపట్టించే పాటలు ఎత్తుకుంటారు. లోకపిత గీత దాటి జనంలోకి వచ్చి అవ్వ ఒళ్ళో వాలిపోతాడు. అవ్వ ఒక్కటి చరుస్తుంది. ఇల్లంతా నవ్వు. తెల్లవార్లూ తోలుబొమ్మలాట చూసి, రామాయణం మధ్యలో కేతిగాడూ బంగారక్కా దూరి చేసే మోటు సరసానికి పొట్ట పట్టుకుని నవ్విన మన పెద్దవాళ్ళకు ఈ నవ్వు వెంటనే అర్థమవుతుంది. భక్తికి ఇది అడ్డం కాదు. ఉజుమే తొట్టి మీద ఆడింది ఇదే కదా.

తూర్పు తెల్లబడే ముందు రాతి గుహ ఆటలు మొదలవుతాయి. తజికరావో చెవి ఒగ్గి, తల వంచి, ఒక్కొక్క అడుగూ ఆపి వేస్తూ గుహ ఎక్కడుందో వెతుకుతాడు. ఉజుమే వస్తుంది. తెల్లటి ముసుగు, చేతిలో విసనకర్ర. మనం అనుకున్నంత దుడుకుగా ఆడదు. చేతులు నీళ్ళలో ఆడినట్టుగా మెల్లగా ఆడుతుంది. ముసుగు వెనక ఉన్నది ఇందాక నెగడు దగ్గర సిగరెట్టు కాల్చిన నలభై ఏళ్ళ మనిషి. ఆ సంగతి గుర్తు చేసుకుందామన్నా గుర్తు రాదు. తర్వాత తలుపు తీసే ఆట. మళ్ళీ తజికరావో. ఎర్ర ముసుగు, బిగించిన నడుము. తలుపు పలక పట్టుకుని, ఒళ్ళంతా వణికించి, ఎత్తి పక్కకు గిరవాటేస్తాడు. ఎగిరిన ఆ రాతి తలుపు దూరాన నగానోలోని తొగాకుషి కొండై పడిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అందరూ చప్పట్లు కొడతారు. ఎవరో కిటికీ తలుపు జరుపుతారు. పొగమంచు, దాని వెనక బూడిద రంగు వెలుగు. చలికి వణుకుతూ, రాత్రంతా కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కి, ఆ వెలుగు చూసినప్పుడు ఇది మామూలుగా వచ్చే ఉదయం అని ఎవరూ అనుకోరు. దాన్ని తెచ్చుకోవడానికి ఈ ఇంట్లో అందరూ పనిచేశారు.

చివరి ఆటలో పైన వేలాడుతున్న మేఘాన్ని దించుతారు. దాంట్లోంచి రంగు కాగితాలు జలజలా రాలి ఆడేవాళ్ళ నెత్తిన, మన భుజాల మీద పడతాయి. పిల్లలు ఏరుకోవడానికి కొట్టుకుంటారు. అప్పుడే చీపుళ్ళు వస్తాయి. ఎవరు దేన్ని మడవాలో ఎవరూ చెప్పరు, అన్నీ మడతపడిపోతుంటాయి. ముసుగుల్ని తుడిచి గుడ్డలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టారు. ఆవులున్న ఆయన మేత వేయాలని పరుగెత్తాడు. అవ్వ మిగిలిన ముల్లంగి ముక్కలు పొట్లం కట్టి మన సంచిలో కుక్కుతోంది. వచ్చే ఏడు కత్తుల ఆటకు నలుగురు దొరుకుతారో లేదో అని ఇద్దరు పెద్దలు లెక్కలు వేస్తున్నారు. ఒకతనికి ఫుకుఓకాలో ఉద్యోగం వచ్చింది. ఇంకొకతనికి మోకాలు నొప్పి. బడికి పోయే కుర్రాడొకడు ఖాళీ అయిన చాపల మీద ఆ ఆటలోని మలుపు ఒక్కటే వేసి చూసుకుంటున్నాడు. మూడుసార్లు తడబడ్డాడు. డప్పు మోసుకుపోతున్న తాత గుమ్మంలోంచి వెనక్కి వచ్చాడు. "కాలు తర్వాతరా, ముందు నడుము తిప్పు" అని డప్పు కింద పెట్టి తనే వేసి చూపించాడు.